పెచ్చులూడిన గోడయు, చూచువాని ఋణమును



మన కన్నులు దినమెల్ల తెరచియే యుండును గాని, మనము చూచునది మిక్కిలి కొంచెము. ఇంటినుండి సంతకు పోవు దారిలో ఎన్ని గోడలున్నవో, ఏ గోడకు ఏ రంగున్నదో ఎవరైన అడిగినయెడల మనలో ఎందరము చెప్పగలము? పదియేండ్లు నడచిన వీధియైనను మనకు తెలియదు. తెలిసినదే గదా అని తలంచుటయే చూపునకు మొదటి ఆటంకము. ఈ సంగతిని నాకు ఒక గోడ నేర్పెను. అదే గోడ తరువాత రెండవ పాఠము కూడ నేర్పెను. అది మొదటిదానికంటె కఠినమైనది. ఆ రెండు పాఠములను గూర్చియే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నాకు చేతి ఫోనులోని కెమెరాతో చిత్రములు తీయు అలవాటు కలదు. పెండ్లిండ్లను, కొండలను, సూర్యాస్తమయములను నేను తీయను. తుప్పుపట్టిన రేకులు, మెకానిక్కు షెడ్డు ముందర నేలమీద పడిన నూనె మరకలు, ఒకదానిమీద నొకటి అంటించి చింపివేసిన సినిమా పోస్టర్లు, లారీ తలుపుమీద రంగు చెదరిన గీతలు, ఇట్టివే నాకిష్టము. వాటికి మిక్కిలి దగ్గరగా పోయి, వస్తువుయొక్క అంచులు కనబడకుండ తీసి, ఇంటికి వచ్చి కంప్యూటరులో త్రిప్పి, రంగు పెంచి, అది ఏ వస్తువో ఎవరికిని తెలియనట్లు చేయుదును. దీనిని అమూర్త ఛాయాచిత్రమని అందురు. ఇది ఫలానా వస్తువు అని పేరు చెప్పుటకు వీలులేని చిత్రమని దాని భావము.

మా ఊరి పాతపేటలో ఒక చిన్న డాబా యిల్లు కలదు. ఒక వానకాలము చివర నేను ఆ యింటి ప్రక్క సందులోనుండి పోవుచు నిలిచిపోతిని. సందువైపు గోడకు వేసిన నీలిసున్నము పెచ్చులు పెచ్చులుగా ఊడి, దాని క్రిందనుండి పాత పసుపురంగును, దాని క్రింద ఇంకను పాతదైన జాజురంగును, అక్కడక్కడ ఇటుకయు కనబడుచుండెను. పైనుండి ఒక నల్లని చార దిగి, నడుమ వెడల్పై, అంచులయందు తెల్లని ఉప్పుపూత కలిగియుండెను. సాయంకాలపు ఎండ అడ్డముగా పడి ప్రతి పెచ్చు అంచునకును సన్నని నీడ నిచ్చుచుండెను. నేను జానెడు దూరమునకు పోయి పది పండ్రెండు చిత్రములు తీసితిని.

ఆ రాత్రి వాటిలో ఒకదానిని ఎన్నుకొని, అడ్డముగా త్రిప్పి, నీలిరంగును కొంచెము పెంచితిని. అంతటితో అది గోడ కాకపోయెను. ఆకాశమునుండి చూచిన సముద్రతీరమువలె నుండెను. ఉప్పుపూత అలల నురుగాయెను. నల్లని చార లోతైన అగాధమాయెను. స్నేహితులకు చూపగా ఒకరు సముద్రమనిరి, ఒకరు తుపాను మేఘమనిరి, మరియొకరు, "ఏ దేశపు చిత్రకారుడు వేసినాడు?" అని అడిగిరి. గోడ అని ఒక్కరును చెప్పలేదు. నేనును చెప్పలేదు. వారి మెప్పు నాకు తీపిగా నుండెను. ఆ చిత్రమును పెద్దదిగా అచ్చు వేయించి, పటము కట్టించి, నా గదిలో తగిలించుకొంటిని.

పది దినములైన తరువాత మరల ఆ సందునకు పోతిని. ఫోను ఎత్తి నిలిచియుండగా ప్రక్క గుమ్మములోనుండి ఒక వృద్ధురాలు వచ్చి, "ఏం నాయనా, మునిసిపాలిటీ వాళ్లు పంపించారా?" అని అడిగెను. "లేదు మామ్మా, గోడ బాగుందని ఫొటో తీసుకుంటున్నాను" అంటిని. "బాగుందా!" అని ఆమె నవ్వి, తడిచేతిని కొంగుకు తుడుచుకొని దగ్గరకు వచ్చెను. నేను ఫోనులోని చిత్రమును చూపితిని. ఆమె చాలసేపు చూచి, "ఇది మా గోడేనా నాయనా? పట్టుచీర అంచులా ఉందే!" అనెను. తరువాత ఆ నల్లని చారమీద వ్రేలు పెట్టి, "ఇదిగో, ఇక్కడే నీళ్లు దిగేది. దీనికి అవతలే నా మంచం. వానొస్తే నడవలోకి లాక్కునేదాన్ని. ఈ ఏడు లాగే ఓపిక లేక తడిలోనే పడుకున్నాను" అని చెప్పి, మరల చిత్రమును చూచి, "బాగా వచ్చింది" అనెను.

ఆమె మాటలో నింద ఏమియు లేదు. నింద ఉన్నయెడల నేను సమాధానము చెప్పుకొని యుందును. నింద లేనందుననే నాకు నోట మాట రాలేదు. ఇంటికి వచ్చి నా గదిలోని పటమును చూడగా, సముద్రము కనబడలేదు, మంచము కనబడెను. నేను ఆ గోడను నిజముగా చూచితినా? లేక అందరికంటె ఎక్కువ దగ్గరగా పోయి, అందరికంటె తక్కువ చూచితినా? ఒకని కష్టపు గుర్తులోనుండి అందమును మాత్రము కోసికొని, కష్టమును అక్కడనే విడిచివచ్చుట తప్పు కాదా? ఇదియే నా ప్రశ్న.

తొందరపడి తీర్పు చెప్పకుందము. మొదట ఈ కళ యెట్టిదో న్యాయముగా విచారింతము.

కొందరు దీనిని ఈ కాలపు కంప్యూటరు పిచ్చి యనుకొందురు. అది నిజము కాదు. ఇటలీ దేశపు చిత్రకారుడైన లియొనార్డో డావిన్చి, అయిదువందల యేండ్ల క్రిందటనే, మరకలు పడిన గోడలను శ్రద్ధగా చూడుడని చిత్రకళ నేర్చుకొనువారికి సలహా వ్రాసి పెట్టెను. ఆ మరకలలో కొండలు, నదులు, యుద్ధములు కనబడునని అతడు చెప్పెను. ఛాయాచిత్రములలోనైతే, 1916లో పాల్ స్ట్రాండ్ అను అమెరికా దేశస్థుడు ఒక వసారాలో పడిన నీడలను వంకరగా తీయగా, వసారా మరుగై గీతలు మాత్రము మిగిలెను. 1922 మొదలుకొని ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ అనునతడు మేఘములను తీయనారంభించెను. ఆ చిత్రములలో నేలగాని చెట్టుగాని చేరని అనేకము నందు ఏది పై వైపో, ఏది క్రింది వైపో చెప్పుట కష్టము.

వస్తువుయొక్క పేరు తీసివేసినయెడల అది అబద్ధమగునా? ఆలోచించుడి. వీణ వాయించునప్పుడు, ఈ రాగము ఏ వస్తువునకు పటము అని ఎవరును అడుగరు. మన తల్లులు తెల్లవారుజామున వాకిట చుక్కలు పెట్టి, వాటి చుట్టు మెలికలు తిప్పి ముగ్గు వేయుదురు. ఆ మెలికలకు అర్థమేమని ఏ కోడలును అత్తను అడుగలేదు. గ్రామపటములో పొలముల హద్దులుండును గాని, ఆ పొలములోని చింతచెట్టు నీడ యుండదు. అందువలన పటము వ్రాసినవానిని అబద్ధికుడని ఎవరైన అందురా? కొంత విడిచిపెట్టినగాని కొంత చూపుటకు వీలులేదు.

ఇంతేగాక, మనము ఉన్నదున్నట్టు అని నమ్ము మామూలు ఫొటోలోనైనను విడుపు, ఊహ, కూర్పు లేకపోలేదు. మన ఫోనులలో చాలమట్టుకు కెమెరాయొక్క కన్ను లక్షలకొలది చిన్న గడులుగా నుండును. ఒక్కొక్క గడిమీద ఎరుపుగాని, పచ్చగాని, నీలముగాని ఒకే రంగు తెర యుండును. కొడాక్ కంపెనీలో పనిచేసిన బ్రైస్ బేయర్ అను శాస్త్రజ్ఞుడు ఈ అమరికకు 1976లో పేటెంటు పొందెను. గడులలో సగము పచ్చ, పాతిక ఎరుపు, పాతిక నీలము. అనగా ప్రతి గడియు తన ఒక్క రంగును మాత్రము కొలుచును. తక్కిన రెండు రంగులను యంత్రము ఇరుగుపొరుగు గడులను చూచి లెక్కకట్టి నింపును. కావున బిడ్డ పుట్టినదినపు ఫొటోలోనైనను మూడింట రెండుపాళ్ల రంగు లెక్కవలన వచ్చినదే. అందుచేత ఆ ఫొటో అబద్ధమని మనమనము. ఏలయనగా దానిని మరల ఆ బిడ్డ ప్రక్కన పెట్టి సరిచూచుకొనవచ్చును.

ఈ చివరి మాటను జ్ఞాపకముంచుకొనుడి. చిత్రమునుండి వస్తువునొద్దకు తిరిగిపోవు దారి యున్నదా లేదా అనునదే ముఖ్యము.

ఇక ఈ కళవలని మేలును గూర్చి ఒక మాట. ఇది హీనమైనవాటిని చూడ నేర్పును. అందమైనదానిని అందముగా చూపుట సులభము. తుప్పునందు, మసియందు, చిరిగిన కాగితమునందు రంగుల పొందికను కనుగొనుటకు ఓపిక కావలెను. ఆ ఓపిక ఒకవిధమైన వినయము. నా విషయములో ఇది నిజము. కెమెరా పట్టిన తరువాతనే నేను మా వీధిని చూచితిని. పసిబిడ్డ చీమలబారు ప్రక్కన కూర్చుండి లోకము మరచినట్లు, పెద్దవాడు ఒక నూనెమరక ప్రక్కన రెండు నిమిషములు నిలువగలిగినయెడల, వానికి కలిగిన లాభము కొంచెము కాదు.

అయితే ఈ మేలుయొక్క వెనుకనే ఒక అపాయము నిలిచియున్నది. దానిని తెలిసికొనుటకు ఒక మనుష్యుని జీవితమును చూతము.

ఆరన్ సిస్కిండ్ 1903లో న్యూయార్కులో పుట్టి, 1991లో చనిపోయెను. అతడు చాలకాలము బడిలో ఇంగ్లీషు చెప్పిన పంతులు. 1930లలో అతడు ఫొటో లీగ్ అను సంఘములో చేరెను. బీదల జీవితమును లోకమునకు చూపి, దానివలన మార్పు తేవలెనని ఆ సంఘము ఉద్దేశించెను. సిస్కిండ్ అక్కడ మరికొందరితో కలిసి న్యూయార్కులోని నల్లజాతివారి పేట యగు హార్లెమునకు పోయి, ఇండ్లను, వీధులను, మనుష్యులను చిత్రములు తీసెను. తరువాత అతని మనస్సు మరియొక వైపు తిరిగెను. 1940ల ఆరంభమున అతడు ఆ సంఘమును విడిచెను. 1944లో మసాచుసెట్సు రాష్ట్రములో గ్లాస్టర్ అను సముద్రపు రేవులో, ఎవరో పారవేసిన చేతితొడుగును, త్రాటి ముక్కను దగ్గరగా తీసెను. అటుతరువాత గోడలు, పెచ్చులూడిన రంగు, చిరిగిన పోస్టర్లు, తారు మరకలు, ఇవే అతని జీవితకాలపు పని యాయెను. నేను ఫోనుతో చేయుచున్న పనికి త్రోవ వేసినవారిలో అతడొకడు.

మనుష్యులను తీయువాడు గోడలను తీయ మొదలుపెట్టుట పతనమా? ఫొటో లీగులో కొందరికి అతని క్రొత్త పని రుచింపలేదు. బీదవాని ముఖము విడిచి బీదవాని గోడలోని సొగసు చూచుట వారికి పారిపోవుటగా తోచియుండవచ్చును. వారి ఆక్షేపణను నేను తేలికగా త్రోసివేయజాలను. ఆ వృద్ధురాలి వ్రేలు నల్లని చారమీద పెట్టబడినప్పుడు నాకు తగిలినది ఆ ఆక్షేపణయే.

అయితే మరియొక ప్రక్కను కూడ చూడవలెను. ముఖమును తీసినంతమాత్రమున కష్టమును పంచుకొన్నట్టు కాదు. ఆకలిగొన్న బిడ్డ కన్నులు గోడలకు అందమైన పటములై, ఆ బిడ్డ పేరెవరో, తరువాత ఏమాయెనో ఎవరును అడుగని సందర్భములు లోకములో నెన్నో కలవు. ముఖమునైనను అలంకారము చేయవచ్చును; మరకతోనైనను సత్యము పలికించవచ్చును. దోషము ముఖములోను లేదు, మరకలోను లేదు. చూచినవాడు చూచిన తరువాత ఏ త్రోవ పట్టెనో అందులో నున్నది.

సిస్కిండ్ చిత్రములలో నాకు మిక్కిలి నచ్చిన విషయ మొకటి చెప్పెదను. అతడు వాటికి "అగాధము" అనియు "విరహము" అనియు గొప్ప పేళ్లు సాధారణముగా పెట్టలేదు. ఎక్కువగా ఊరిపేరు, సంవత్సరము, ఒక అంకె, అంతే. ఊడిన రంగుపెచ్చులతో నిండిన ప్రసిద్ధమైన అతని చిత్రమొకటి కలదు. దాని పేరు "జెరోమ్, అరిజోనా", సంవత్సరము 1949. జెరోమ్ రాగిగనుల ఊరు. 1953లో అక్కడి గని మూతబడెను. ఆ పెచ్చులలో సముద్రమునైనను, ఆకులనైనను ఎవరికి తోచినది వారు చూడవచ్చును. గాని చిత్రము క్రింద ఊరిపేరున్నది గనుక, చూచువాడు కోరినయెడల ఆ ఊరికి తిరిగిపోవచ్చును. అక్కడి గోడలకు రంగువేయుటకు మనుష్యులేల లేకపోయిరో విచారింపవచ్చును. అతడు వస్తువుయొక్క పేరు తీసెను గాని, చిరునామా తీయలేదు. నేనో, చిరునామా కూడ తీసివేసితిని. ఏ దేశపు చిత్రకారుడు వేసినాడని అడిగినప్పుడు చిరునవ్వు నవ్వి ఊరకుంటిని.

ఈ కాలమున ఈ సంగతి మరింత బరువైనది. ఇప్పుడు చిత్రము తీయుటకు సందునకు పోవలసిన పనియును లేదు. ఇతరులు తీసిన ఫొటోలు ఇంటర్నెట్టులో కోట్లకొలది దొరకును. వాటిని కోసి, త్రిప్పి, రంగు మార్చి క్రొత్త చిత్రము చేయవచ్చును. ఆ ఫొటోలోని స్థలమును మనము ఎన్నడును త్రొక్కియుండము. ఆ మనుష్యుల వాసనయైనను మనకు తెలియదు. అక్కడ మంచము చూపుటకు ఏ వృద్ధురాలును గుమ్మములోనుండి రాదు.

జర్మనీ దేశస్థుడగు థామస్ రూఫ్ అను చిత్రకారుడు 2004 మొదలుకొని ఇట్టి చిత్రములను వరుసగా చేసెను. ఇంటర్నెట్టులో ఫొటోలు త్వరగా పోవుటకై వాటిని జేపెగ్ అను పద్ధతిని కుదించి పంపుదురు. ఈ పద్ధతిలో యంత్రము చిత్రమును అడ్డము ఎనిమిది, నిలువు ఎనిమిది చుక్కలుగల చదరములుగా విడగొట్టి, ప్రతి చదరములోను సూక్ష్మమైన వివరములను విడిచిపెట్టును. రూఫ్ అట్టి ఫొటోలను మనిషికంటె ఎత్తైన పటములుగా పెంచెను. దగ్గర నిలిచి చూచినవారికి చదరపు రంగుముక్కలు తప్ప మరేమియు కనబడదు. చక్కని నేతపనివలె నుండును. పదియడుగులు వెనుకకు పోయి చూచినయెడల, ఆ చదరములలో కొన్ని 2001 సెప్టెంబరు 11న న్యూయార్కులో కూలిన జంట భవనముల పొగయని తెలియును.

ఈ పటములను గూర్చి నేను చాల ఆలోచించితిని. అందులో మనకు ఒక బోధ యున్నది. దగ్గరగా పోవుట మంచిదే. గాని దగ్గరనే నిలిచిపోయినవానికి రంగులు దొరకును, మనుష్యులు దొరకరు. దూరముననే యుండువానికి వార్త దొరకును, గాని వాడు దానిని చూడకయే ప్రక్కకు తిరుగును. దగ్గరకు పోయి, మరల వెనుకకు వచ్చి, మరల పోవు కాళ్లు కావలెను. చూపు అనగా కన్నుల పని మాత్రమే కాదు. కాళ్ల పని కూడ.

ఈ పాఠము నాకు కాళ్లతోనే వచ్చెను. ఆ వృద్ధురాలు మాటాడిన వారములో, నా స్నేహితుని యింట పనిచేయుచున్న ఒక తాపీమేస్త్రికి ఆ చిత్రమును ఊరకనే చూపి, "ఇదేమిటో చెప్పు" అంటిని. అతడు ఫోనును చేతిలోనికి తీసికొని, ఒక్క క్షణము చూచి, దానిని నిలువుగా త్రిప్పెను. "ఇలా పట్టుకోవాలండి" అనెను. తరువాత, "పైన డాబామీద తూము పూడిపోయి ఉంటుంది. నీళ్లు పిట్టగోడ మొదట్లో నిలబడి గోడలోకి దిగుతున్నాయి. ఈ తెల్లగా ఉన్నది ఉప్పండి. ఆరినప్పుడల్లా అది పైకి తన్నుకొచ్చి సున్నాన్ని ఊడగొడుతుంది. దీనిమీద ఎన్ని పూతలు వేసినా నిలవదు. ముందు పైన చూడాలి" అని చెప్పెను.

చదువరులారా, నా స్నేహితులు ఆ చిత్రములో సముద్రమును చూచిరి. వృద్ధురాలు తన మంచమును చూచెను. మేస్త్రి పూడిపోయిన తూమును చూచెను. నేను రంగులని తలంచినది గోడ వ్రాసిన ఫిర్యాదు. అది ఏ అక్షరములతో వ్రాయబడెనో ఆ అక్షరముల అందమును నేను అందరికంటె చక్కగా చూచితిని, గాని చదువలేదు. చదువుటకు ఆ చిత్రమును నిలువుగా త్రిప్పుటయే చాలెను.

మేస్త్రిని వెంటబెట్టుకొని పోయితిని. అతడు చెప్పినట్లే తూములో ఆకులు, మట్టి, ఒక ప్లాస్టిక్ సంచి అడ్డుపడి యుండెను. దానిని తీసి, పిట్టగోడ మొదట పగులును పూడ్చి, తరువాత సందువైపు గోడను బాగుచేయ మొదలుపెట్టెను. వదులుగా నున్న పెచ్చులన్నిటిని గోకివేయవలెనని అతడు చెప్పి తాపీ ఎత్తెను. మొదటి గీతతోనే నీలిపెచ్చులు జలజల రాలెను. తరువాత పసుపు, తరువాత జాజు.

ఇక్కడ నేను ఒక విషయము దాచక ఒప్పుకొనవలెను. ఆ తాపీ గోడను గీసినప్పుడు నాకు బాధ కలిగెను. ఒక్క క్షణము, "ఇంకొక్క రోజు ఆగితే బాగుండును, ఉదయపు ఎండలో ఇంకొక చిత్రము తీయవచ్చును" అని మనస్సులో అనుకొంటిని. లోపల ఆ వృద్ధురాలు మంచమును గోడవైపునకు జరుపుటకు చోటు ఊడ్చుకొనుచుండెను. చీపురు చప్పుడు నాకు వినబడుచునే యుండెను. నా బాధ ఎవరి కొరకు? ఆమె తడిసిన రాత్రుల కొరకు నాకు ఇంత బాధ కలిగెనా? ఈ ప్రశ్నకు ఆ దినమున నాయొద్ద జవాబు లేదు. అయితే నా ప్రేమయొక్క కొలత నాకు తెలిసెను. నేను గోడను ప్రేమింపలేదు. గోడ పాడగుటను ప్రేమించితిని.

అట్లయిన ఇక ఎవరును మరకలను చిత్రింపకూడదా? ప్రతి తుప్పుమరకను బాగుచేయుదునని ప్రమాణము చేసినగాని కెమెరా ఎత్తరాదా? అట్లని నేను చెప్పుట లేదు. పారవేసిన డబ్బామీది తుప్పువలన ఎవరును తడియుట లేదు. చినిగిన పోస్టరు ఎవని కడుపునకును లోటు చేయదు. వాటియందు ఊరకయే ఆనందించుట మంచిది. మనుష్యుడు ప్రయోజనములేని అందమునకు కొంత తీరిక ఇయ్యనియెడల ఎండిపోవును. గాని కొన్ని మరకలకు వెనుక మనుష్యులుందురు. అక్కడ చూపువలన ఒక ఋణము కలుగును. అది డబ్బు ఋణము కాదు. చూచితిని గనుక, చూడలేదని ఇక చెప్పజాలను అనునదే ఆ ఋణము. తీర్చగలిగినంత తీర్చవలెను, తీర్చలేనప్పుడు దాచకుండవలెను.

ఇప్పుడు కెమెరా పట్టినప్పుడెల్ల మూడు మాటలు నన్ను నేను అడుగుకొందును. మీకును ఉపయోగపడునేమో అని ఇక్కడ వ్రాయుచున్నాను.

మొదటిది: నేను తీసికొనుటకంటె ఎక్కువసేపు చూచితినా? ఫోను క్షణములో తీయును. క్షణములో దొరికినదానిని క్షణములో మరతుము.

రెండవది: తిరిగిపోవు దారి ఉంచితినా? చిత్రమును నా ఇష్టమువచ్చినట్లు త్రిప్పవచ్చును, రంగు మార్చవచ్చును. గాని ఇది ఎక్కడిది, ఏ వస్తువు, ఏ సంవత్సరము అను మూడు సంగతులు దాని వెనుక వ్రాసియుంచుదును. అడిగినవారికి చెప్పుదును.

మూడవది: ఈ చిత్రమును ఆ వస్తువు ఎవరిదో వారి గుమ్మములో నిలిచి, వారి చేతికిచ్చి చూపగలనా? చూపుటకు సిగ్గుగా నున్నయెడల, ఆ సిగ్గు ఎక్కడనుండి వచ్చుచున్నదో మొదట తెలిసికొనవలెను.

ఈ మూడు మాటలు చిత్రములు తీయువారికి మాత్రమేనా? మనము దినదినము ఇతరుల జీవితములోనుండి తునకలు కోసికొనుచునే యున్నాము. ఒకని కష్టకథను విందునందు రుచిగా చెప్పుదుము. ఒకరి కన్నీటిని ఉపన్యాసమునకు ఉదాహరణము చేసికొందుము. ఇంత చక్కని ఉదాహరణము దొరికెనని లోలోపల సంతోషింతుము కూడ. పేరు తీసివేసితిమి గనుక తప్పులేదని అనుకొందుము. పేరుతోకూడ మనిషిని తీసివేసితిమేమో అని ఎన్నడైన విచారించితిమా? నేను ఈ వ్యాసములో ఆ వృద్ధురాలి కథ చెప్పుచుండగానే ఈ ప్రశ్న నా కలమును పట్టుకొని ఆపుచున్నది. ఆమెకు చెప్పియే వ్రాయుచున్నాను. "రాసుకో నాయనా, తూము సంగతి కూడా రాయి, ఇంకోళ్లకి పనికొస్తుంది" అని ఆమె సెలవిచ్చెను.

గోడ ఇప్పుడు తెల్లగా నున్నది. పునాదివైపు చెమ్మ ఇంకను కొంచెము కనబడుచున్నది. అది తూమువలన వచ్చినది కాదనియు, దానికి మరియొక పని కావలెననియు మేస్త్రి చెప్పెను. మంచము తన చోటికి వచ్చెను. పని అయిన సాయంకాలము ఆమె నవ్వుచు, "ఇప్పుడు తియ్యి ఫొటో" అనెను. తీసితిని. అందులో చూచుటకేమియు లేదు. తెల్లని గోడ, దానిమీద వాలుటెండ, క్రింద ఒక మూల రాలిన నీలిపెచ్చుల కుప్ప.

నా గదిలో ఆ సముద్రపు పటము ఇప్పటికిని ఉన్నది. తీసివేయలేదు. అది మంచి చిత్రమే. గాని దానిని నిలువుగా త్రిప్పి తగిలించితిని. దాని క్రింద సందుపేరు, సంవత్సరము వ్రాసితిని. ప్రక్కన ఆ తెల్లని గోడ ఫొటోను కూడ తగిలించితిని. వచ్చినవారు మొదటిదానిని చూచి మెచ్చుకొని, రెండవదానిని చూపి, "ఇదెందుకు?" అని అడుగుదురు. అప్పుడు వారిని కూర్చుండుమని చెప్పి, ఈ కథ మొదలుపెట్టుదును.